సెలైన్ కొరత ఉన్న రోజుల్లో: విశాఖ రోగులు, వాళ్ల తాలూకు మనుషులు, వార్డు సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం వార్డుల్లో నర్సుగా పనిచేసిన ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట "సిస్టర్, ఇంకో బాటిల్ పెట్టరా?" అన్నదే. బాటిళ్లు నిండుగా ఉన్న రోజుల్లో ఆ మాటకి జవాబు తేలిక. స్టోర్‌కి పంపిన ఇండెంట్‌లో సగమే వచ్చిన రోజున అదే మాట గుండెలో గుచ్చుకుంటుంది. అలాంటి రోజుల్లో రోగుల తాలూకు వాళ్లు, కొత్తగా చేరిన నర్సులు నన్ను అడిగినవన్నీ ఇక్కడ రాశాను. మందు మార్చడం, ఆపడం మీ డాక్టరు చెప్పాల్సిన విషయం. ఇది చదివి ఆయన్ని సరైన ప్రశ్న అడగగలిగితే నాకు చాలు.

ఉప్పునీళ్లే కదా, దానికి కూడా కొరత ఏంటి?

ఉప్పునీళ్లే. నార్మల్ సెలైన్ అంటే లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు. అర లీటరు బాటిల్‌లో ఉండేది నాలుగున్నర గ్రాములు, ఒక టీస్పూను కంటే కాస్త తక్కువ. కష్టమంతా ఉప్పులో కాదు, ఆ నీళ్లలో ఉంది. నోటితో తాగినది పొట్టలో ఆమ్లాన్ని, పేగు గోడని దాటుకుని వెళ్లాలి. నరంలోకి వెళ్లేదానికి అలాంటి కాపలా ఏదీ లేదు. క్రిములు చచ్చిపోయినా వాటి పైపొర ముక్కలు నీటిలో మిగిలితే చాలు, కాసేపటికే రోగికి మంచం ఊగిపోయేంత చలి పుడుతుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటూనే ఉంటాయి. ఒక్కసారి చూసినవాళ్లు ఆ చప్పుడు మర్చిపోరు.

అందుకే ఆ నీటిని శుద్ధి చేసే ప్లాంటు, గాలి తగలకుండా సీసా ఊది, నింపి, మూసేసే యంత్రాలు పెద్ద ఖర్చు. క్రిములు లేవని తేల్చే పరీక్షకే 14 రోజులు పడుతుంది. ఇంతా చేస్తే సరుకు ధర తక్కువ, బరువు ఎక్కువ. ఇరవై నాలుగు అర లీటరు సీసాలు పెట్టెలో పెడితే నీళ్ల బరువే 12 కేజీలు. లాభం తక్కువ కాబట్టి తయారుచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు. వాళ్లలో ఒకరికి ఇబ్బంది వచ్చినా అందరికీ తగులుతుంది.

అమెరికాలో అదే జరిగింది. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను వరద నార్త్ కరోలినాలోని బ్యాక్స్‌టర్ ఫ్యాక్టరీలోకి వచ్చింది. ఆ దేశపు ఆసుపత్రులు నరంలోకి ఎక్కించే ఐవీ ద్రవాల్లో సుమారు 60 శాతం ఆ ఒక్క చోటే తయారయ్యేవి. అంత డబ్బున్న దేశంలో ఆసుపత్రులు అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేసుకుని, తాగగలిగిన రోగులకి నోటితోనే తాగించాయి. 2017లో మరియా తుపాను ప్యూర్టోరికోని దెబ్బతీసినప్పుడు కూడా చిన్న సెలైన్ సంచులకి అమెరికాలో ఇలాగే కటకట వచ్చింది. కాబట్టి మీ ఊరి ఆసుపత్రిలో బాటిల్ లేదంటే ప్రతిసారీ ఎవరో దాచేశారని అనుకోవద్దు. అడగండి, గట్టిగానే అడగండి. తిట్టడం మాత్రం డ్యూటీలో ఉన్న సిస్టర్‌తో మొదలుపెట్టకండి.

విశాఖలో ఈ కొరత ఎప్పుడెప్పుడు వస్తుంది?

ఎక్కువగా వానలు మొదలయ్యాక. మంచినీటి పైపులో మురుగు కలిస్తే ఒక వీధి వీధంతా విరేచనాలతో వస్తుంది. ఆ వెనకే డెంగీ, ఏజెన్సీ నుంచి మలేరియా. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి విశాఖ రోగులే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు వైపు వాళ్లు, ఒడిశా సరిహద్దు వాళ్లు కూడా వస్తారు. ఎక్కడ జ్వరాలు ప్రబలినా ఆ బరువు చివరికి ఇక్కడికే చేరుతుంది. అమెరికా బాటిళ్లు లెక్కపెట్టుకుంటున్న ఆ 2024 అక్టోబరులోనే మన పక్క జిల్లాలో, విజయనగరం జిల్లా గుర్ల మండలంలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. నాకు ఆ రెండు వార్తలూ ఒకే వార్తలా కనిపించాయి.

రెండోది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు, ఫోన్లు లేవు. రోడ్ల నిండా చెట్లు. ఉన్న సరుకు కూడా వార్డుకి చేరడం కష్టమైంది.

మూడోది ఎవరికీ కనపడదు. ప్రభుత్వ ఆసుపత్రులకి మందులు రాష్ట్ర స్థాయిలో ఏపీఎంఎస్‌ఐడీసీ అనే ప్రభుత్వ సంస్థ కొంటుంది. అక్కడి నుంచి జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్, అక్కడి నుంచి ఆసుపత్రి స్టోర్, అక్కడి నుంచి ఇండెంట్ మీద వార్డు. ఈ గొలుసులో ఎక్కడ ఆలస్యమైనా ఆఖరి మంచం దగ్గర తెలుస్తుంది.

నాలుగోది, ఒక బ్యాచ్ మీద అనుమానం వచ్చి వాడకం ఆపేయడం. 2024 నవంబరులో కర్ణాటకలోని బళ్లారి ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ అయిన తల్లులు చనిపోయారు. వాళ్లకి ఎక్కించిన రింగర్ లాక్టేట్ అనే ఇంకో రకం ద్రవం మీద అనుమానం వచ్చి ఆ ప్రభుత్వం వాడకం ఆపించింది. ఆపమన్న బ్యాచ్‌ని ఎంత కొరతలో ఉన్నా ముట్టుకోకూడదు. "వేరేది లేదు కదా" అన్న మాట అక్కడ పనికిరాదు.

మా నాన్నకి బాగా నీరసంగా ఉంది. ఒక్క బాటిల్ ఎక్కించమంటే లేదంటున్నారు. ఇది అన్యాయం కదా?

మీ బాధ అర్థమవుతుంది. మన ఊళ్లలో సెలైన్ అంటే బలం అన్న నమ్మకం పెద్దవాళ్ల నుంచి వచ్చింది. బాటిల్ వేలాడితేనే వైద్యం జరిగినట్టు. కానీ ఆ బాటిల్‌లో ఏముందో ఒక్కసారి చూడండి.

నార్మల్ సెలైన్‌లో ఉప్పు, నీళ్లు తప్ప ఇంకేమీ లేదు, ఆహారం సున్నా. జనం గ్లూకోజ్ అనే ఐదు శాతం డెక్స్‌ట్రోస్ అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాని శక్తి 100 కేలరీల లోపే, రెండు ఇడ్లీలు తిన్నంత. ప్రొటీన్ లేదు, ఇనుము లేదు, విటమిన్ లేదు. ఎక్కించాక హుషారుగా అనిపిస్తుందంటే, కొంత ఒంట్లో తగ్గిన నీరు భర్తీ కావడం వల్ల, కొంత రెండు మూడు గంటలు కదలకుండా పడుకోవడం వల్ల. పసుపు రంగు బీ కాంప్లెక్స్ కలిపినా ఈ లెక్క పెద్దగా మారదు.

నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. అరవై దాటినవాళ్లలో గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉంటారు, కొందరికి ఆ సంగతి తెలియదు కూడా. వాళ్లకి అక్కర్లేని లీటరు నీళ్లు నరంలోకి పంపితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సాయంత్రం నీరసమని బాటిల్ పెట్టించుకుని, రాత్రి పడుకోలేక కూర్చుని రొప్పుతూ క్యాజువాల్టీకి వచ్చిన పెద్దాయనలని చూశాను.

నీరసానికి కారణం వెతకమని అడగండి. రక్తం తక్కువా, షుగరా, థైరాయిడా, జ్వరం వెనక ఏమైనా ఉందా, సరిగ్గా తినడం లేదా? ఆయన తాగగలిగితే మజ్జిగ, గంజి, చోడి (రాగి) అంబలి, పప్పుకట్టు ఇవ్వండి. మన ఉత్తరాంధ్రలో తరవాణి తాగి పొలానికి పోయిన మనుషులకి ఇది కొత్తగా చెప్పాల్సిన మాట కాదు. మీ నాన్నగారికి అవసరం లేని ఆ బాటిల్ పక్క మంచంలో బీపీ పడిపోతున్న బాలింతకి అవసరం.

మరి ఎవరికి తప్పనిసరిగా ఎక్కించాలి?

తాగలేనివాళ్లకి, తాగినా సరిపోనంత వేగంగా ఒంట్లో నీరో రక్తమో పోతున్నవాళ్లకి. విరేచనాలతో కళ్లు లోపలికి పోయి మగతగా పడి ఉన్న బిడ్డ, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లి, పెద్ద కాలిన గాయాలు, యాక్సిడెంట్‌లో రక్తం పోయినవాళ్లు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోయినవాళ్లు, షుగర్ బాగా పెరిగి కీటోన్లు వచ్చినవాళ్లు, డెంగీ షాక్, స్పృహ లేనివాళ్లు, పేగు మూసుకుపోయినవాళ్లు. వీళ్ల విషయంలో కొరత అన్న మాటే రాకూడదు. మిగతా అందరి దగ్గరా పొదుపు చేసేది వీళ్ల కోసమే.

ఓఆర్‌ఎస్ తాగిస్తే సెలైన్‌తో సమానమా? లేదంటే బాటిల్ లేక చెప్పే ఓదార్పా?

ఓదార్పు కాదు. ఓఆర్‌ఎస్ లోకానికి తెలిసిందే ఇలాంటి ఒక సెలైన్ కొరతలో.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షల మంది బెంగాల్ సరిహద్దులో శిబిరాల్లో ఉన్నారు. బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీద పడి ఉన్నారు, సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన పొడిని నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల బంధువులే గ్లాసులతో పట్టుకెళ్లి తాగించారు. జనానికి నమ్మకం కుదరడానికి దాన్ని నోటితో తాగే సెలైన్ అని చెప్పేవారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో 3.6 శాతానికి తగ్గాయి. 2022లో ఆయన పోయాక, 2023లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది.

కిటుకు పేగు గోడలో ఉంది. గ్లూకోజ్, సోడియం జంటగా వస్తే పేగు రెండింటినీ కలిపి లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాలు ఎంత ఎక్కువగా ఉన్నా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఉత్త నీళ్లకి, ఉత్త పంచదార నీళ్లకి ఈ పని చేతకాదు. ఇప్పుడు వాడే ప్యాకెట్‌లో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత.

తీవ్రంగా నీరు పోయి షాక్‌లో ఉన్నవాళ్లకి మాత్రం ముందు నరం ద్వారానే ఇవ్వాలి. వాళ్లు తేరుకుని తాగగలిగిన వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెడితే, ఆ తర్వాత పెట్టాల్సిన బాటిళ్లు మిగులుతాయి.

తాగిస్తే వాంతి చేసుకుంటున్నాడు. అప్పుడు ఎలా?

ఇక్కడే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. గ్లాసుతో పట్టిస్తే దాహంతో ఉన్న పిల్లాడు గటగటా తాగి మొత్తం కక్కేస్తాడు. చెంచాతో పట్టాలి.

ఒక వానాకాలం, చిన్నపిల్లల బాటిళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టుకునే రోజున, ఎనిమిది కేజీల బిడ్డతో ఒక తల్లి వచ్చింది. బిడ్డ చిరాగ్గా ఏడుస్తున్నాడు, కళ్లు కాస్త గుంటలు పడ్డాయి, కానీ చెంచా చూపిస్తే నోరు తెరుస్తున్నాడు. అలాంటి బిడ్డకి కేజీకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఇవ్వాలి, అంటే 600 మిల్లీలీటర్లు. ఐదు మిల్లీలీటర్ల చెంచా రెండు నిమిషాలకొకటి పడితే నాలుగు గంటల్లో సరిగ్గా 120 చెంచాలు, సరిగ్గా 600. ఆ అమ్మాయికి లెక్క చెప్పి, ఖాళీ సెలైన్ పెట్టె అట్ట ముక్క, ఒక పెన్ను ఇచ్చాను. చెంచాకొక గీత. ఐదు గీతలకొక కట్ట. రెండుసార్లు కక్కాడు. కక్కినప్పుడల్లా పది నిమిషాలు ఆగి, తర్వాత ఇంకా నెమ్మదిగా పట్టింది. అట్ట ముక్క నిండిపోయే వేళకి వాడు ఆమె చీర తడిపేశాడు. విరేచనం కాదు, మూత్రం. తడిసిన కుచ్చెళ్లు పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ బిడ్డకి మేం ఒక్క బాటిల్ కూడా తెరవలేదు.

అసలు మింగలేని బిడ్డకి నరం దొరకకపోయినా, బాటిల్ లేకపోయినా, ముక్కు గొట్టం ద్వారా ఓఆర్‌ఎస్ ఇచ్చే పద్ధతి ఉంది. గంటకి కేజీకి 20 మిల్లీలీటర్ల చొప్పున ఆరు గంటలు. ఇది ఆసుపత్రిలో, తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

ఏ ఓఆర్‌ఎస్ కొనాలి? ప్యాకెట్‌లో కలిపి అమ్మే డ్రింకులు మంచివేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొనండి. లీటరుకి కలిపేది, 200 మిల్లీలీటర్లకి కలిపేది వేరువేరుగా ఉంటాయి. వెనక రాసినన్ని నీళ్లే పోయాలి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం, చిన్న ప్యాకెట్‌ని లీటరులో కలిపితే పని చేయదు. కలిపింది 24 గంటల్లో వాడాలి.

పళ్ల రుచులతో పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తీపి డ్రింకుల్లో చక్కెర ఎక్కువగా ఉంటుంది, అది విరేచనాలని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకులు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆవిడకి ప్రతి తల్లీ రుణపడి ఉండాలి.

ప్యాకెట్ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. రెండూ చదును చేసి కొలవాలి, గోపురంలా కాదు. విరేచనాలైన పిల్లలకి డాక్టరు 14 రోజులు జింక్ రాస్తారు. విరేచనాలు రెండో రోజే ఆగినా జింక్ ఆపకండి.

షుగర్ ఉన్నవాళ్లు ఓఆర్‌ఎస్ తాగొచ్చా?

విరేచనాలవుతుంటే తాగొచ్చు, తాగాలి. లీటరులో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి.

డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి, సెలైన్ పెట్టడం లేదు. టెన్షన్‌గా ఉంది.

ప్లేట్‌లెట్ల అంకె చూసి సెలైన్ పెట్టరు. తాగగలుగుతూ, మూత్రం బాగా పోస్తూ, ప్రమాద సూచనలు లేని రోగికి నోటితో తాగడమే వైద్యం. కడుపునొప్పి తగ్గకపోవడం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే వెంటనే చెప్పండి. జ్వరం తగ్గే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆ తర్వాత రక్తనాళాల నుంచి బయటికి కారిన నీరు తిరిగి లోపలికి వస్తుంది. అప్పుడు ఇంకా బాటిళ్లు ఎక్కిస్తూ పోతే అదే ఊపిరికి అడ్డం పడుతుంది.

డాక్టరు ఆర్‌ఎల్ రాశారు. లేదు, ఎన్‌ఎస్ పెడతామంటున్నారు. ఒకటేనా?

ఆర్‌ఎల్ అంటే రింగర్ లాక్టేట్, ఎన్‌ఎస్ అంటే నార్మల్ సెలైన్. చాలా సందర్భాల్లో ఒకదాని బదులు ఒకటి నడుస్తుంది. కొన్నింట్లో నడవదు, అందుకే మార్పు డాక్టరు రాయాలి, సిస్టర్ నోటిమాటగా జరగకూడదు. తలకి దెబ్బ తగిలినవాళ్లకి ఎన్‌ఎస్ మేలు, డెక్స్‌ట్రోస్ వద్దు. రక్తం ఎక్కించే లైన్లో ఆర్‌ఎల్ ఉండకూడదు, అందులో కాల్షియం ఉంది. అదే కారణంతో సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ని ఆర్‌ఎల్‌తో కలపరు, పసిగుడ్డుల్లో మరీ ప్రమాదం. షుగర్ రోగికి ఆలోచించకుండా గ్లూకోజ్ కలిసిన సెలైన్, అదే డీఎన్‌ఎస్, తగిలిస్తే షుగర్ ఎగబాకుతుంది. కొరత రోజుల్లో వార్డులో ఎన్‌ఎస్ తక్కువగా ఉంటే రక్తం ఎక్కేవాళ్లకి, తల గాయాల వాళ్లకి దాన్ని పక్కన పెట్టుకోవడం తెలివైన పని.

నేను కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుని. వార్డులో మా చేతుల్లో ఉన్నది ఏంటి?

నువ్వు అనుకునే దానికంటే చాలా ఎక్కువ ఉందమ్మా. పొద్దున్న రౌండ్స్‌లో ప్రతి మంచం దగ్గరా ఒక్క మాట అడుగు: "సార్, ఈ డ్రిప్ ఇంకా కావాలా?" నిన్న రాసింది కాబట్టి ఇవాళ నడుస్తున్న బాటిళ్లు ఎన్ని ఉంటాయో చూస్తే ఆశ్చర్యపోతావు. పక్కన ఫ్లాస్కులో కాఫీ తాగుతున్న మనిషికి ఇంకో చేతికి డ్రిప్ నడుస్తూ ఉంటుంది.

లైన్ మూసుకుపోకుండా సన్నగా వదిలే డ్రిప్ తీసేసి, కాన్యులాకి (నరంలో ఉంచే సన్న గొట్టానికి) మూత పెట్టి, సిరంజితో కాస్త సెలైన్ తోసి ఫ్లష్ చేస్తే రోజుకి ఒక బాటిల్ మిగులుతుంది. చిన్న సీసాలో కలిపి ఎక్కించే యాంటీబయాటిక్స్‌లో కొన్నింటిని సిరంజిలో కలిపి నెమ్మదిగా నరంలోకి ఇవ్వొచ్చు, కొన్నింటిని మాత్రగా మార్చొచ్చు. ఏవన్నది డాక్టరు, ఫార్మసిస్టు కలిసి జాబితా రాసి గోడకి అంటించాలి. జాబితాలో లేనిది నీ అంతట నువ్వు చేయకు. పొటాషియం క్లోరైడ్ నేరుగా తోస్తే ప్రాణం పోతుంది, వాంకోమైసిన్ గబగబా ఇస్తే బీపీ పడిపోతుంది.

మామూలు పుండ్లు కడగడానికి ఎక్కించే సెలైన్ వాడకు, కాచి చల్లార్చిన నీళ్లు చాలు. ఆపరేషన్ రోగులని రాత్రి నుంచి నీళ్లు కూడా ఇవ్వకుండా ఎండబెట్టి, పొద్దున్న అదే కారణంతో డ్రిప్ పెట్టడం ఇంకా చాలా చోట్ల చూస్తాం. మత్తు డాక్టరు సరేనంటే చాలామంది ఆపరేషన్‌కి రెండు గంటల ముందు దాకా నీళ్లు తాగొచ్చు.

ఒక పని మాత్రం ఎంత కొరతలోనూ చేయకూడదు. ఒక బాటిల్‌ని ఇద్దరికి పంచకూడదు. పెద్ద బాటిల్‌కి సూది గుచ్చి ఉంచి, వార్డులో అందరికీ ఫ్లష్‌లు అందులోంచే లాగడం నేను చూశాను. ఒకరి రక్తం చుక్క అందులోకి వెనక్కి వెళ్తే ఆ వార్డు మొత్తానికి హెపటైటిస్ పంచినట్టే. బాటిల్ ఆదా అయిందని చెప్పుకోవడానికి అది ఆదా కాదు.

చుక్కల లెక్క కూడా ముఖ్యం. మామూలు సెట్లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అర లీటరు ఎనిమిది గంటల్లో వెళ్లాలంటే నిమిషానికి 21 చుక్కలు. రోగి తాలూకు వాళ్లు తొందరగా అయిపోతే ఇంటికి వెళ్లొచ్చని చుక్కల వేగం మార్చే చక్రం తిప్పేస్తారు. గంటలో బాటిల్ ఖాళీ, ఇంకోటి పెట్టమంటారు. ఆ చక్రం ఎందుకు ముట్టుకోకూడదో బాటిల్ తగిలించేటప్పుడే చెప్పు. విసుక్కోకుండా చెప్తే వింటారు.

ఇంకోటి, ఆ వార్డూ ఈ వార్డూ అల్మరాలో పెట్టెలు దాచుకోవడం. భయంతో చేస్తారు, నాకు తెలుసు. నేనూ చేశాను. కానీ సర్జికల్ వార్డు అల్మరాలో ఆరు పెట్టెలు ఉండగా లేబర్ రూమ్ వాళ్లు అర్ధరాత్రి సీసా కోసం మెట్లెక్కి దిగడం చూశాక మానేశాను. రోజూ సాయంత్రం అన్ని వార్డుల లెక్క ఒకే పుస్తకంలో ఉంటే ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. తేదీ దగ్గరపడ్డవి ముందు వాడాలి.

ప్రభుత్వాసుపత్రిలో బయట కొనుక్కురమ్మంటున్నారు. ఏం చేయాలి?

ముందు ఆసుపత్రి అధికారి ఆర్‌ఎంవోనో సూపరింటెండెంట్‌నో కలిసి అడగండి. అక్కడ సెలైన్ ఉచితంగా ఇవ్వాల్సిందే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లయితే వైద్యమిత్ర కౌంటర్‌లో చెప్పండి, 104కి ఫోన్ చేయండి. ప్రాణం మీద ఉన్నప్పుడు వాదన తర్వాత, ముందు కొనండి, బిల్లు మాత్రం వదలకండి. కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపులు వరసగా ఉంటాయి కాబట్టి ఒకచోట లేకపోతే పక్కన దొరుకుతుంది. ఎంఆర్‌పీ కంటే రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వక్కర్లేదు. సెలైన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని గరిష్ఠ ధరని కేంద్రం నిర్ణయిస్తుంది.

సీసా చేతికి వచ్చాక వెలుతురులో పెట్టి చూడండి. నలకలు, మబ్బు, రంగు ఉండకూడదు. గట్టిగా నొక్కండి, ఎక్కడా తడి రాకూడదు. తేదీ, బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

డయాలసిస్ వాళ్ల సంగతి?

సెంటర్‌కి వెళ్లేవాళ్లు సెషన్ ఒక్కటి కూడా మీ అంతట మానకండి. ముందురోజే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి. ఇంట్లో పొట్ట ద్వారా చేసుకునేవాళ్లు తుపాను కాలంలో సంచులు చివరిదాకా రాకముందే తెప్పించుకోండి.

ఉన్నది ఒక్క బాటిల్, రోగులు ఇద్దరు. ఎవరికి పెడతారు?

ముందు వచ్చినవాళ్లకి కాదు, ఫోన్ చేయించినవాళ్లకి కాదు. తాగలేనివాళ్లకి, బీపీ పడిపోతున్నవాళ్లకి. నిర్ణయం సీనియర్ డాక్టరు తీసుకుని కేసు షీట్లో రాయాలి, ఆ బరువు రాత్రి డ్యూటీ నర్సు మీద వేయకూడదు. రెండో రోగి తాలూకు వాళ్లకి ఎదురుగా కూర్చుని నిజం చెప్పాలి. ఎందుకు పెట్టలేదో, బదులు ఏం చేస్తున్నామో, ఎంతసేపటికి మళ్లీ చూస్తామో. చెప్పినట్టే ఆ టైముకి వెళ్లి చూడాలి. నా అనుభవంలో జనం కొరతని భరిస్తారు, దాచిపెట్టడాన్ని భరించరు.

మేం ఇంట్లోనే తాగిస్తున్నాం. ఇంక ఆగకుండా ఎప్పుడు రావాలి?

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోతే. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడతగా నిలబడితే. బిడ్డ ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే, పాలు పట్టకపోతే, లేపినా మత్తుగా ఉంటే. విరేచనంలో రక్తం కనిపిస్తే. చెంచాతో పట్టినా ప్రతిసారీ కక్కేస్తుంటే. 108కి చేయండి. పాడేరు, అరకు లోపలి ఊళ్ల నుంచి దిగేవాళ్లకి దారి చాలా దూరం, అందుకే ఈ సూచనల్లో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా చూద్దామని ఆగకండి. ముందు దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లండి, ఒంట్లో నీరు ఇంకా పోకముందే అయితే సూదికి నరం దొరకడం తేలిక.

స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకండి. స్పృహ ఉంటే కలిపిన ఓఆర్‌ఎస్ సీసా, చెంచా వెంట తెచ్చుకుని దారంతా పడుతూనే రండి. క్యాజువాల్టీలో మొదట అడిగేవి రెండే: ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, ఎంత తాగారు. ఒక కాగితం మీద గీతలు పెట్టి తీసుకురండి.